సబ్‌వూఫర్ నాబ్ ఎక్కడ పెట్టాలి? హోమ్ థియేటర్‌లో క్రాసోవర్ సరిచేసుకునే పద్ధతి

"అన్నా, సబ్‌వూఫర్ వెనక నాబ్ ఎంత మీద పెట్టాలి?" ఈ ప్రశ్న రాని వారం లేదు. కావలి నుంచి ఒకరు ఫోటో తీసి పంపుతారు. ఒంగోలు నుంచి ఇంకొకరు వీడియో కాల్ చేసి, టార్చి వేసి మరీ నాబ్ చూపిస్తారు. వేదాయపాళెంలో మా బావ అయితే గృహప్రవేశం నాడు భోజనాల దగ్గరే పట్టుకున్నాడు. "ఏంది బావా, అంత డబ్బు పోస్తే డైలాగులన్నీ పీపాలో కూర్చుని చెప్పినట్టుండాయి!"

తొందరలో ఉన్నవాళ్లకు జవాబు ఇది: ఏవీ రిసీవర్ (టీవీ, ప్లేయర్ల శబ్దం తీసుకుని స్పీకర్లకు పంచే పెట్టె) ఉంటే అందులో క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టండి, సబ్‌వూఫర్ వెనక క్రాసోవర్ నాబ్‌ను గరిష్ఠం దాకా తిప్పేయండి. చాలా ఇళ్లలో దీంతోనే సగం రోగం కుదురుతుంది. మిగతా సగానికి కింద రాసిన వరస పాటించండి. గంట, గంటన్నర పని.

క్రాసోవర్ అంటే ఏమిటి?

రెండు మళ్ల మధ్య గట్టు అనుకోండి. గట్టుకు పైనున్న శబ్దాలు మామూలు స్పీకర్లకు, కిందున్న లావు శబ్దాలు సబ్‌వూఫర్‌కు. గట్టు ఒక్కటే ఉండాలి. రెండు గట్లు వేస్తే మధ్యలో ఎవరూ దున్నని బీడు మిగులుతుంది, అక్కడ బేస్ ఉండదు. గట్టే లేకపోతే రెండు వైపుల నీళ్లూ ఒకే చోట నిలిచి మడుగవుతుంది, అక్కడ గుంయ్ మంటుంది. నేను చూసిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రెంటిలో ఏదో ఒకటి.

బేస్ ఎక్కువ తక్కువలు చేసేది ఈ నాబ్ కాదు. దానికి వేరే నాబ్ ఉంది, గెయిన్ అనో వాల్యూమ్ అనో రాసి ఉంటుంది. బేస్ చాలలేదని క్రాసోవర్ నాబ్ పైకి తిప్పితే వచ్చేది బేస్ కాదు, మగ గొంతుల గరగర.

ముందు మీది ఏ రకం సెట్టో చూసుకోండి

ఏవీ రిసీవర్, విడి స్పీకర్లు, కరెంటు ప్లగ్గు ఉన్న సబ్‌వూఫర్ ఉంటే కింది మెట్లన్నీ మీకే.

లోకల్‌గా చేయించిన అసెంబుల్డ్ 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్) ఆంప్లిఫయర్ అయితే 1, 2 మెట్లు చూసి, తర్వాత నేరుగా "అసెంబుల్డ్ సెట్ ఉన్నవాళ్లకు" అన్న భాగానికి వెళ్లండి.

సౌండ్‌బార్ గానీ, డబ్బాలో అన్నీ కలిపి వచ్చిన సెట్ గానీ అయితే క్రాసోవర్ సాధారణంగా కంపెనీవాళ్లే లోపల ఖాయం చేసేసి ఉంటారు. మీ చేతిలో ఉన్నది సబ్‌వూఫర్ లెవెల్, పెట్టే చోటు. ఈ రెండే చాలా మార్పు తెస్తాయి కాబట్టి 2వ మెట్టు మాత్రం వదలొద్దు.

కావలసినవి

రిసీవర్‌తో వచ్చిన మైకు. దాన్ని నిలబెట్టడానికి మొబైల్ ట్రైపాడ్. టోన్ జనరేటర్ యాప్ ఉన్న ఫోను. శబ్దం కొలిచే యాప్ ఇంకొకటి. కొలతల టేపు. మాస్కింగ్ టేపు, పెన్ను. మీరు వందసార్లు విన్న పాట ఒకటి, వార్తలు చదివే మగ గొంతు ఒకటి. నాబ్ దగ్గర ఒకరు, సోఫాలో ఒకరు ఉంటే పని తేలిక.

ఫోన్ యాప్ చూపే డెసిబెల్ అంకెను నమ్మకండి. ఫోన్ మైకులు మాటల కోసం చేసినవి, లోతైన బేస్‌ను సరిగా పట్టవు. "ఇందాకటికంటే పెరిగిందా, తగ్గిందా" అని పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

1. వైర్లు చూడండి

అన్నీ ఆపి, ప్లగ్గులు పీకి మొదలుపెట్టండి. ప్రతి స్పీకర్‌కూ ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే వెళ్లాలి. ఒక్కటి తిరగబడినా క్రాసోవర్ దగ్గర శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, తర్వాత ఎన్ని నాబులు తిప్పినా లాభం లేదు. మన దగ్గర ఎలక్ట్రీషియన్లు గోడలో కేబుల్ లాగేటప్పుడు రెండూ ఒకే రంగు వైర్లు వేసేస్తుంటారు. ఏది ఏదో తెలియకపోతే ఆంప్లిఫయర్ వైపు వైర్లు విప్పి, 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం ఆనించండి. వూఫర్ కోన్ బయటికి దూకితే బ్యాటరీ ప్లస్ ఆనించిన వైరే స్పీకర్ ప్లస్. ట్వీటర్ (సన్న శబ్దాల చిన్న స్పీకర్) మీద ఒంటరిగా ఈ పని చేయకండి.

సబ్‌వూఫర్‌కు రిసీవర్ "సబ్ అవుట్" నుంచి ఒక్క వైరు చాలు. సబ్ మీద "ఎల్ఎఫ్ఈ" (సినిమాల్లో లోతైన బేస్‌కు ఉండే వేరే ఛానల్) అని రాసిన సాకెట్ ఉంటే అందులో పెట్టండి. చాలా మోడళ్లలో ఆ దారిన వెళితే సబ్ సొంత ఫిల్టర్ పక్కకు తప్పుకుంటుంది.

ఖాళీగా ఉన్నప్పుడు కూడా హమ్ వస్తుంటే సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ వైరు ఒకసారి పీకి చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. హమ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే పని మాత్రం చేయకండి. షాక్ కొట్టేది మీ పిల్లలకే.

2. సబ్‌వూఫర్‌కు చోటు వెతకండి

ఎక్కువ మంది దాటేసే మెట్టు ఇదే. టీవీ పక్కన ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేసి, ఆ తప్పును నాబ్‌తో దిద్దాలని చూస్తారు.

మన ఇళ్లు ఇటుక, కాంక్రీటు. కింద టైల్సో గ్రానైటో. ప్రకాశం వైపు అయితే చీమకుర్తి రాయి అద్దంలా మెరుస్తుంటుంది. ఈ గోడల్లో బేస్ బయటికి పోదు, అటూ ఇటూ కొట్టుకుంటూ కొన్ని చోట్ల పేరుకుంటుంది, కొన్ని చోట్ల మాయమవుతుంది. మీ గది ఎక్కడ గుంయ్‌మంటుందో లెక్క చాలా తేలిక. 563ను గది పొడవు అడుగులతో భాగించండి. 12 అడుగుల గదికి 47 హెర్ట్జ్, 15 అడుగులకు 37 చిల్లర. ఆ అంకె దగ్గర గోడల పక్కన బేస్ ఉబ్బుతుంది, గది నట్టనడుమ చచ్చిపోతుంది. అందుకే సోఫాను సరిగ్గా మధ్యలో గానీ, వెనక గోడకు అతికించి గానీ వేయొద్దంటాను. 12 అడుగులు 12 అడుగులు చదరపు గది అయితే రెండు దిక్కులా అదే అంకె వస్తుంది, కష్టం రెట్టింపు.

చోటు వెతకడానికి పద్ధతి ఇది. సబ్‌ను తెచ్చి, మీరు కూర్చునే సోఫా మీదే కూర్చోబెట్టండి, కొత్తల్లుణ్ణి కూర్చోబెట్టినట్టు. బేస్ గిటారో డోలో వరసగా ఉన్న పాట ముక్క తిప్పి తిప్పి వేయండి. మీరు నేల మీద మోకాళ్ల మీద పాకుతూ, సబ్ పెట్టగలిగిన చోట్లన్నిటి దగ్గరా చెవి పెట్టి వినండి. ఒక చోట ఒక్క స్వరమే బుస్సున లేస్తుంది, ఇంకో చోట అసలు వినపడదు. అన్ని స్వరాలూ ఇంచుమించు సమానంగా వినిపించిన చోట మాస్కింగ్ టేపు అంటించండి. సబ్‌వూఫర్ ఇల్లు అదే. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మూలలో పెడితే బేస్ బాగా పెరుగుతుంది గానీ మోత కూడా పెరుగుతుంది. తప్పనిసరైతే గోడల నుంచి జానెడు, మూరెడు జరిపి చూడండి. తివాచీ పరిస్తే మాటల ప్రతిధ్వని తగ్గుతుంది. 40 హెర్ట్జ్ బేస్‌కు ఆ తివాచీ ఉన్నట్టే తెలియదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

3. సబ్ వెనక నాబులు

క్రాసోవర్, లేదా లో పాస్ అని రాసిన నాబ్: పూర్తిగా కుడివైపు, గరిష్ఠానికి. గెయిన్: సగానికి, గడియారంలో 12 దగ్గర. ఫేజ్ (సబ్, స్పీకర్లు ఒకే లయలో కదిలేలా చూసేది): సున్నా. ఆటో ఆన్ స్విచ్చు ఉంటే ప్రస్తుతానికి "ఆన్"లో ఉంచండి, మధ్యలో నిద్రపోకుండా.

క్రాసోవర్ నాబ్ గరిష్ఠానికి ఎందుకంటే, గట్టు వేసే పని రిసీవర్‌ది. సబ్ తన గట్టు తాను వేయకూడదు. నేనే ఆరు నెలలు ఈ తప్పు చేశాను. రిసీవర్‌లో 80, సబ్ మీద 60. ఆ మధ్యనున్న బేస్ అంతా బీడు పడిపోయి, పాటలు పలచగా వినిపిస్తుంటే స్పీకర్లే మంచివి కావని అమ్మేయబోయాను.

4. ఆటో సెటప్ నడపండి

రిసీవర్ తనే శబ్దాలు వేసి, మైకుతో విని, అంకెలు పెట్టుకునే పద్ధతి ఇది. డెనాన్, మరాంజ్ రిసీవర్లలో ఆడిసీ, యమహాలో వైపీఏఓ అని ఉంటుంది. మైకును ట్రైపాడ్ మీద, మీ చెవి ఎత్తులో, మీరు కూర్చునే చోట ఉంచండి. చేత్తో పట్టుకోవద్దు, సోఫా వీపుకు ఆనించొద్దు. సినిమా చూసేటప్పుడు తలుపులు మూస్తారా తీస్తారా, ఇప్పుడూ అలాగే ఉంచండి. ఫ్యాన్, ఏసీ ఆపాలి. మే నెల నెల్లూరులో ఫ్యాన్ ఆపి పావుగంట కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. తెల్లవారుజామున చేసుకోండి, వీధి కూడా నిశ్శబ్దంగా ఉంటుంది.

అయ్యాక సబ్‌వూఫర్ లెవెల్ ఎంత వచ్చిందో చూడండి. మైనస్ 12 లాంటి చిట్టచివరి అంకె కనిపిస్తే సబ్ గెయిన్ ఎక్కువైందని అర్థం. కాస్త తగ్గించి మళ్లీ నడపండి. మైనస్ 5కూ ప్లస్ 3కూ మధ్యలో ఉంటే సరే.

సబ్ దూరం మీరు టేపుతో కొలిచినదానికంటే ఎక్కువ చూపించవచ్చు. 9 అడుగుల దూరంలో ఉంటే 13 అని రాస్తుంది. అది తప్పు కాదు. సబ్ లోపలి ఆంప్లిఫయర్ వల్ల జరిగే ఆలస్యాన్ని అది దూరంగా లెక్కేసుకుంది. దిద్దకండి.

5. స్పీకర్లన్నీ "స్మాల్" చేయండి

ఆటో సెటప్ పెద్ద స్పీకర్లను "లార్జ్" అని రాసేస్తుంటుంది. అంత ఖర్చు పెట్టి టవర్లు కొన్నవాళ్లకు "స్మాల్" అనడానికి మనసొప్పదు. ఆ మాటకు స్పీకర్ సైజుతో పని లేదు. "లావు శబ్దాలు సబ్‌కు పంపు" అని చెప్పడమే. లార్జ్ ఉంచితే ఆ స్పీకర్‌కు గట్టు లేనట్టే.

"ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్", "డబుల్ బేస్", "ఎక్స్‌ట్రా బేస్" లాంటివి ఏమైనా ఆన్‌లో ఉంటే ఆపండి. పైన చెప్పిన మడుగు ఇక్కడే తయారవుతుంది.

6. అంకె వేయండి

80 దగ్గర మొదలుపెట్టమని, సినిమా సౌండుకు ప్రమాణాలు పెట్టే టీహెచ్‌ఎక్స్ వాళ్లు చెప్పేదే నేనూ చెబుతాను. అంతకంటే పైకి వెళ్లేకొద్దీ శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి పట్టేస్తుంది. కానీ మీ స్పీకర్ 80 దాకా దిగలేకపోతే 80 పెట్టి ఏం లాభం? వూఫర్ సైజు చూసి ఇలా అనుకోండి:

టవర్లు, 6 అంగుళాలు ఆపైన: 60 నుంచి 80.
బుక్‌షెల్ఫ్, 5 అంగుళాల చుట్టుపక్కల: 80 నుంచి 100.
4 అంగుళాలవి: 100 నుంచి 120.
అరచేతిలో పట్టే 3 అంగుళాల శాటిలైట్లు: 120 నుంచి 150.

స్పీకర్ కాగితంలో మైనస్ 3 డెసిబెల్ దగ్గర 65 హెర్ట్జ్ అని ఉంటే, దానికి 15, 20 కలిపి 80 పెట్టండి. డెసిబెల్ మాటే లేకుండా "40 నుంచి 20,000" అని అట్ట డబ్బా మీద అచ్చేస్తే ఆ 40ని లెక్కలోకి తీసుకోకండి.

ఆటో సెటప్ ఇచ్చిన అంకెను పెంచవచ్చు, తగ్గించకండి. అది 100 అన్నదంటే, మీ స్పీకర్ ఆ గదిలో అంతకు దిగువన అలసిపోతోందని కొలిచి చెప్పింది. వేరు వేరు స్పీకర్లకు వేరు వేరు అంకెలు ఇవ్వనిచ్చే రిసీవర్ అయితే ముందువాటికి 80, గోడకు కొట్టిన చిన్న సరౌండ్‌లకు 120 ఇచ్చుకోవచ్చు. 120 దాటితే సబ్‌ను టీవీ వైపే, మధ్యకు దగ్గరగా ఉంచండి.

మెనూలో "ఎల్పీఎఫ్ ఫర్ ఎల్ఎఫ్ఈ" అని ఇంకో అంకె కనిపిస్తుంది. క్రాసోవర్ అనుకుని చాలామంది దాన్నే మారుస్తారు. అది 5.1లో ఆ ".1" ఛానల్‌కు సంబంధించినది. 120 మీద వదిలేయండి.

7. ఫేజ్

ఫోన్‌ను రిసీవర్‌కు కలిపి, టోన్ యాప్‌లో మీ క్రాసోవర్ అంకెనే, ఉదాహరణకు 80, పెట్టి తక్కువ సౌండ్‌లో వేయండి. మీరు సోఫాలో కూర్చోండి, ఇంకొకరు ఫేజ్ స్విచ్చును 0, 180 మధ్య మార్చాలి. ఎక్కువ గట్టిగా వినిపించినదే సరైనది. రెండూ ఒకేలా ఉంటే సున్నాలో వదిలేయండి. తిప్పే నాబ్ ఉంటే నెమ్మదిగా తిప్పుతూ, గరిష్ఠంగా వినిపించిన చోట ఆపండి.

జాగ్రత్త: టోన్‌ను సినిమా అంత గట్టిగా, నిమిషాల తరబడి వేయకండి. స్పీకర్ లోపలి తీగచుట్ట (వాయిస్ కాయిల్) వేడెక్కి కాలిపోతుంది. పది సెకన్లు వేయడం, ఆపడం.

8. చివరగా లెవెల్

ఇక మీ ఇష్టం. ఆటో సెటప్ ఇచ్చిన బేస్ మనవాళ్లలో చాలామందికి చప్పగా అనిపిస్తుంది. రిసీవర్ మెనూలో సబ్ లెవెల్ 2, 3 డెసిబెల్ పెంచుకోండి, తప్పేం లేదు. సూళ్లూరుపేటలో 2019లో తెరిచిన వి ఎపిక్ థియేటర్‌లో సినిమా చూసొచ్చి ఆ దెబ్బ ఇంట్లో కావాలంటారు. అంత పెద్ద హాలును కదిపే వూఫర్లు వేరు, మీ ఎనిమిదంగుళాల సబ్ వేరు. దాన్ని బలవంతం చేస్తే పోర్టులోంచి (సబ్‌కు ఉండే గాలి రంధ్రం) బుస్ బుస్ మని గాలి వస్తుంది, లేదా కోన్ టప్ మని కొట్టుకుంటుంది. వెంటనే తగ్గించండి.

అసెంబుల్డ్ సెట్ ఉన్నవాళ్లకు

ఈ ఆంప్లిఫయర్లలో సాధారణంగా సబ్ ఛానల్‌కు మాత్రమే ఫిల్టర్ బోర్డు ఉంటుంది. మిగతా స్పీకర్లకు మొత్తం శబ్దం వెళుతుంది. అంటే గట్టు ఒకవైపే ఉంది. ముందు ప్యానెల్ మీద "ఫ్రీక్వెన్సీ" అన్న నాబ్ అదే. దాని చుట్టూ రాసిన అంకెలు ఊరికే అలంకారం, చెవితోనే పెట్టాలి.

మిగతా స్పీకర్ల వైర్లు ఆంప్లిఫయర్ ఆపి విప్పండి. విప్పిన కొసలు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. సబ్ ఒక్కటే పలికేలా చేసి, వార్తలు చదివే మగ గొంతు పెట్టండి. మాటలు అర్థమవుతున్నాయంటే నాబ్ మరీ పైన ఉంది. తగ్గిస్తూ పోండి. పక్కింట్లో ఎవరో మాట్లాడుతున్నట్టు గొణుగుడు మిగిలి, ఒక్క మాటా తెలియని చోట ఆపండి. ఇప్పుడు మిగతా స్పీకర్లు తగిలించి పాట వేయండి. మధ్యలో బోలుగా ఉంటే ఒక్క రవ్వ పెంచండి.

శాటిలైట్లు బేస్‌కు గరగరలాడుతుంటే, టంకం పని వచ్చినవాళ్లు ప్లస్ వైరులో ఒక నాన్ పోలార్ కెపాసిటర్ వేసుకోవచ్చు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 100 మైక్రోఫారడ్ వేస్తే ఇంచుమించు 200 హెర్ట్జ్ కింద శబ్దం తగ్గుతూ పోతుంది. 220 వేస్తే 90 దగ్గర. 4 ఓమ్‌లకు 220 అయితే 180. మామూలు ప్లస్ మైనస్ ఉన్న కెపాసిటర్ వేయొద్దు, వేడెక్కి పగులుతుంది.

సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

కళ్లు మూసుకుని సినిమా పది నిమిషాలు వినండి. సబ్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగితే క్రాసోవర్ పైన ఉంది, లేదా లెవెల్ ఎక్కువ. సబ్ స్విచ్ ఆపండి. గదిలో ఏదో వెలితి పడాలి. మళ్లీ వేయండి. వెలితి నిండాలి గానీ, డబ్బా మోగినట్టు ఉండకూడదు.

నాకు ఇష్టమైన పరీక్ష మృదంగం. ఎడమ చేతి గుమికి, కుడి చేతి దరువు ఒకే మనిషి ఒడిలోంచి వస్తున్నట్టు ఉండాలి. గుమికి మూలలోంచి, దరువు టీవీలోంచి వస్తే 7వ మెట్టుకు వెనక్కి వెళ్లండి.

తర్వాత టోన్ యాప్‌లో 40, 50, 63, 80, 100, 125 వరసగా వేసి చూడండి. ఒక్కోటి కొంచెం ఎక్కువ తక్కువలు సహజం. 80 దగ్గర ఒక్కసారిగా గుంట పడితే ఫేజ్ లేదా ఎక్కడో రెండు గట్లు. 2వ మెట్టులో లెక్కేసిన మీ గది అంకె (12 అడుగుల గదికి 47) చుట్టుపక్కల కొండలా లేస్తే అది గది, క్రాసోవర్ కాదు. సోఫానో సబ్‌నో ఒక అడుగు జరపండి.

ఈ వరసలో ఏదో ఒక టోన్‌కు టర్రు మని మోగుతుంది. స్పీకర్ పోయిందని కంగారు పడకండి. షోకేసు అద్దాలు, అటక మీద స్టీలు బిందెలు, గోడ మీద ఫోటో ఫ్రేములు వెతకండి. మా బావ ఇంట్లో మోగింది పూజ గదిలో గంట.

మళ్లీ మళ్లీ చూసే తప్పులు

ఒకేసారి మూడు నాబులు తిప్పడం. ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో మీకే తెలియదు. ఒక మార్పు, ఒకే పాట, వినడం. అప్పుడే రెండోది.

క్రాసోవర్‌ను 40కి దించితే "డీప్ బేస్" వస్తుందనుకోవడం. 40 నుంచి 80 మధ్య పని చిన్న స్పీకర్ల మీద పడి, అవి చేయలేక, మొత్తానికి బేస్ తగ్గుతుంది.

సబ్‌ను జరిపాక ఆటో సెటప్ మళ్లీ నడపకపోవడం. రెండడుగులు జరిపినా పాత కొలతలు చెల్లవు. పండక్కి సోఫా అటు తిప్పి ఇటు వేసినా అంతే.

టీవీలో మ్యూజిక్ మోడ్, రిసీవర్‌లో టోన్ బేస్ ప్లస్ 6, సెట్‌టాప్ బాక్సులో ఇంకేదో పెంచి ఉంచి, సబ్ గుంయ్‌మంటోందనడం. ముందు అవన్నీ సున్నాకు తెచ్చుకుని మొదలుపెట్టాలి.

కుదిరాక సబ్ వెనక ప్యానెల్‌కూ, రిసీవర్ మెనూకూ ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోండి. నాబ్ మీద, దాని పక్కన ప్యానెల్ మీద ఎదురెదురుగా పెన్నుతో చిన్న గీతలు గీయండి. సంక్రాంతికి వచ్చిన పిల్లలు తిప్పేసి వెళ్లినా, రెండు గీతలు కలిపితే చాలు.